పలకరాళ్ళ నేల ద్రాక్షారసం, బేస్తవారిపేట దాకా ఒక సీసా

ఈ ప్రయాణం నేను ముచ్చటపడి పెట్టుకున్నది కాదు. మా చెల్లెలు ఎస్తేరు బేస్తవారిపేట దగ్గరి పల్లెలో, అత్తగారింట్లో, కాన్పయి మంచం పట్టింది. బిడ్డ గుండ్రాయిలా ఉన్నాడు. తల్లి మాత్రం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. కాన్పులో రక్తం చాలా పోయింది, ఆ తర్వాత నోటికి ఏదీ సయించడం మానేసింది. గంజి తెచ్చినా పెదవులు బిగించుకునేది. కంబంలో క్యాంపు పెట్టిన డాక్టరమ్మ వచ్చి చూసి, ముదురు ఎర్ర ద్రాక్షారసం, నీళ్ళలాంటిది కాదు, నాలుకకు వగరుగా తగిలే చిక్కటిది సంపాదించి పూటకు కొంచెం కొంచెంగా పట్టమంది. ఆలస్యం చేస్తే పిల్ల దక్కదని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అమ్మా నాయనా పోయాక ఎస్తేరుకు జడ వేసి బడికి పంపింది నేనే. ఆ మాట విన్నాక నాకు కాళ్ళు ఒక చోట నిలవలేదు.

యుద్ధం పుణ్యమా అని ఓడల మీద సీమ ద్రాక్షారసం సీసాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. నేను గిద్దలూరులో బడిపంతులమ్మను. అక్కడి దుకాణాలన్నీ తిరిగాను, నంద్యాలకు మనిషిని పంపాను, ఎక్కడా చుక్క లేదు. చివరికి మా గుడి అయ్యగారే దారి చూపించారు. "మొన్న ఈస్టరుకు మన ప్రభువు బల్ల మీదికి వచ్చిన రసం ఎక్కడిది అనుకున్నావమ్మా? మార్కాపురం పలక గనుల పక్కన యాకోబు తాత తోటలోది. ఆయన ఎవరికీ ఇవ్వడు. అయినా పోయి అడుగు" అన్నారు. ఎవరికీ ఇవ్వని మనిషి దగ్గరికి పొమ్మనడం ఎలాంటి సలహానో నాకు అర్థం కాలేదు. కానీ వేరే దారి లేదు.

పొద్దున గుంటూరు వైపు పోయే బండి ఎక్కాను. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళు ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన, నల్లమల వైపు కూర్చోండి. కంబం దాకా కొండలు వెంట వస్తూనే ఉంటాయి. ఆ రోజు నేను వాటిని చూశానని చెప్పుకోవడమే గాని, ఏమీ చూడలేదు. నాకు భయం ముందు పుట్టి నేను తర్వాత పుట్టానని మా అమ్మ అనేది. బండి కంబంలో ఆగినప్పుడు దిగి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామా అనిపించింది. వట్టి చేతులతో పోయి ఏం చేస్తాను? కూర్చున్నాను, కానీ బండి మళ్ళీ కదిలేదాకా నా చెయ్యి తలుపు మీదే ఉంది.

భయం ఒకటి కాదు. ముసలాయన ఇస్తాడో ఇవ్వడో అన్నది ఒకటి. ఇచ్చినా ఎస్తేరు అత్తవారు తాగనిస్తారా అన్నది అంతకంటే పెద్దది. వాళ్ళదీ మాదీ ఒకే దేవుడే అయినా గుడులు వేరు. మా గుడిలో ప్రభువు బల్లకు ద్రాక్షారసం ఒక గిన్నెలో అందరికీ అందిస్తారు. వాళ్ళ గుడిలో ఎండుద్రాక్ష నానబెట్టి కాచిన నీళ్ళే వాడతారు. ఆ ఊరివాళ్ళు సంఘంలో చేరిన రోజు ప్రతి ఇంటి సారా కుండా ఊరి బయటికి తెచ్చి పగలగొట్టి, ఇక మత్తు ముట్టమని చేతులెత్తి ప్రమాణం చేశారు. మాట తప్పినవాళ్ళను ఆదివారం అందరిలో నిలబెట్టి వెలివేస్తారు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన కోడళ్ళు కూడా అదే ప్రమాణం చేయాలి, ఎస్తేరూ చేసింది. పైగా మామ సంఘపెద్ద. పెళ్ళినాడు అత్త మార్తమ్మ నా చెల్లెలి గడ్డం పట్టుకుని, "కల్లుగిన్నె గుడోళ్ళ పిల్ల, పాపం" అని నవ్వింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మార్కాపురం స్టేషనులో దిగగానే ఊరు వచ్చేసిందని సంబరపడకండి. ఊరు అక్కడికి చాలా దూరం. ఈ రోజుల్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గు పొయ్యితో నడుస్తున్నాయి కదా, ఎక్కేముందు డ్రైవరు పొయ్యి రాజేసుకుంటున్నాడా లేదా చూసుకోండి. మా డ్రైవరు తాపీగా బీడీ కాలుస్తున్నాడు. "ఎంతసేపన్నా?" అని అడిగాను. "పొయ్యి ఎప్పుడు రగిల్తే అప్పుడే, మనదేముండాది అమ్మా" అన్నాడు. నాలుగణాలు తీసుకుని సగం దారిలో అందరినీ దింపి ఎత్తు ఎక్కేదాకా తోయించాడు. నేనూ తోశాను. నన్ను చూసి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా కొంగు బిగించారు. ఊళ్ళో కేశవస్వామి గాలిగోపురం దగ్గర జట్కా దొరికింది. పలక గనుల దాకా ఆరణాలు, ఎండలో పోవాలి కాబట్టి గుర్రానికి నీళ్ళు పట్టేదాకా ఆగాలి. అక్కడ కూడా ఆగాను. ఆ రోజు ఆగడమే ఎక్కువ, నడవడం తక్కువ.

పలక గనుల నేల చూడాలనుకునేవాళ్ళు చెప్పుల్లేకుండా దిగకండి. నేలంతా నల్లటి రాతి పెచ్చులే. అడుగు వేస్తే గాజుల మలారం కిందపడినట్లు గలగలమంటాయి. మా బడిలో పిల్లలు రాసుకునే పలకలు ఇక్కడివే. ఈ రాళ్ళ మధ్య తోటేమిటి అనుకుంటుండగానే రాతి కూసాల మీద పచ్చటి పందిరి కనిపించింది. కింద మోటబావి, ఒక ఎద్దుల జత, పందిరి నీడలో మంచం, మంచం మీద యాకోబు తాత. ఈస్టరు దాటింది కాబట్టి కోత అయిపోయింది. అక్కడక్కడా కోతకు అందని చిన్న గుత్తులు నల్లగా వేలాడుతున్నాయి.

తాత ఒకప్పుడు బంగళాలో దొరల వంటవాడు. ఒక దొర బెంగుళూరు వైపు నుంచి ఈ ద్రాక్ష కొమ్మలు తెప్పించి నాటించి, రసం తీయడం నేర్పి, తన దేశం వెళ్ళిపోయాడట. నేను వచ్చిన పని చెప్పేలోపు తాత తోట గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆపితే కోపం వస్తుందేమోనని ఊ కొట్టాను.

"ఈ రాయి సూడు బిడ్డా. పగలంతా ఎండ తాగి పొద్దుగూకినాక వదుల్తాది. తీగెకు చలి తెలీదు. నీళ్ళ కోసం వేరు రాళ్ళ సందుల్లో యాడికో పోతాది. అంత కష్టపడినాక కాసిన కాయ ఎట్లుంటాది? చిన్నగుంటాది, తోలు మందంగుంటాది. రసం కొంచెమే, రంగు మాత్రం సిరా!"

"తాతా, నేను వచ్చింది..."

"ఉండు. మంచి నల్లరేగడిలో ఇదే తీగె పెడితే లావు కాయ కాస్తాది. దాన్ని తినొచ్చు, అంతే. రసానికి పనికిరాదు. తోలుతోనే పిసికి బానలో వేసి, పైకొచ్చిన తోలును పొద్దున మాపున కర్రతో లోపలికి తొక్కాల. రంగు, వగరు అంతా తోల్లోనే ఉండాది."

బాన మీద గుడ్డ తీసి చిన్న గిన్నెలో ముంచి ఇచ్చాడు. ఎండకు పట్టి చూస్తే అవతలి వైపు కనిపించలేదు. నోట్లో పోసుకుంటే బరువుగా నాలుక మీద నిలబడింది. ముందు పులుపు, తర్వాత పళ్ళు పట్టేసే వగరు, చివరికి మాగిన నేరేడు పండు వాసన. ఇదే, డాక్టరమ్మ చెప్పింది ఇదే అని నాకు ఏడుపొచ్చింది. అప్పుడు చెప్పాను, ఎస్తేరు గురించి, రక్తం గురించి.

తాత ముఖం ముడుచుకుంది. "బల్లకు తప్ప ఇయ్యనమ్మా. ఒకరికి మందని ఇస్తే రేపటికి మార్కాపురంలో అందరికీ జబ్బే. పాతదంతా ఈస్టరుకు పోయింది, ఇదొక్కటే ఉండాది."

"తాతా, అది నా చెల్లెలు కాదు, నేను పెంచిన బిడ్డ. నేను వట్టి చేతులతో పోను. ఇక్కడే కూర్చుంటా" అన్నాను. బెదిరించినట్లు చెప్పాలనుకున్నాను గాని బతిమాలినట్లే వచ్చింది.

ఆయన నా చేతిలోని గిన్నె తీసుకున్నాడు. "ఏ ఊరు ఇచ్చినారు పిల్లను?" అన్నాడు. చెప్పాను. ఒక్కసారిగా పెద్దగా నవ్వాడు. "వాళ్ళకా! నా తోట పండు ఇస్తేనే మత్తుంటాదేమోనని కడుక్కొని తిన్నారు ఆ ఊరోళ్ళు. ఆ ఊరి నుంచి మందని ఇంకొకరు రారులే. పో బిడ్డా, తీసుకొని పో. నీకు నేనిచ్చేది చిన్న సంగతి, వాళ్ళు తాగనిచ్చేది పెద్ద సంగతి." రెండు మందు సీసాలు కడిగి నింపి, బిరడాలు వదులుగా పెట్టి, గంపలో గడ్డి పరిచి, పైన నాలుగు ద్రాక్ష గుత్తులు కప్పాడు. "ఇది కొత్త రసం, ఇంకా పొంగుతా ఊపిరి వదుల్తాంది. బిరడా బిగించొద్దు. సీసాలు మట్టుకు తిరిగి పంపించు, యుద్ధంలో దొరకవు."

తిరిగి స్టేషనుకు చేరేసరికి సాయంకాలం బండి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద తలకట్టు, ఖాకీ చొక్కా ఉన్న ఒకాయన నా గంప చుట్టూ తిరుగుతున్నాడు. అబ్కారీ మనిషే అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. అనుమతి లేకుండా ఇలాంటిది మోసుకుపోతే ఏమవుతుందో నాకు తెలియదు. తెలియనిది ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. "ఏముండాది గంపలో?" అన్నాడు. గంపను నా వైపు లాక్కున్నాను. "ద్రాక్షపండ్లా? పులుపా, తీపా?" ఒక గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టాను. తింటూ వెళ్ళిపోయాడు. ఆయన అబ్కారీ ఉద్యోగో, ఆకలేసిన పోస్టు జవానో ఈనాటికీ తెలియదు. ఆ రాత్రి స్టేషను పక్కన ఉండే మా బడి స్నేహితురాలి ఇంట్లో గంప పక్కనే పడుకున్నాను.

తెల్లవారి మొదటి బండికి కంబంలో దిగి, బేస్తవారిపేట వైపు రూపాయికి ఎద్దుల బండి మాట్లాడుకున్నాను. బండి తోలే వెంకటయ్య మంచి మనిషే. మంచి మనుషులతోనే చిక్కు. గుంతలో చక్రం పడిన ప్రతిసారీ నేను గంపను ఒళ్ళోకి లాక్కోవడం చూసి, "ఒలికిపోతాది టీచరమ్మా, ఉండు, నేను బిగిస్తా" అన్నాడు.

"బిగించొద్దని చెప్పినాడు తాత."

"ఆ ముసలాయన కంబం దారిలో ఎన్నడన్నా బండెక్కినాడా? ఊరికే చెప్తే సరిపోయిందా?"

అన్నంత పనీ చేశాడు. ఒక సీసా బిరడాను అరచేత్తో దిగ్గొట్టి పురికొసతో కట్టేశాడు. రెండోది నేను గట్టిగా పట్టుకుని ఇవ్వలేదు. ఎండ ఎక్కింది. దారి పక్క మేకల మంద దాటుతుండగా గంపలో తుపాకీ పేలినట్లయింది. ఎద్దులు పక్కకు దూకాయి. వెంకటయ్య పంచె, చొక్కా, మీసం అన్నీ ఎర్రగా అయ్యాయి. నెత్తురే అనుకుని ఇద్దరం కేకలేశాం. తర్వాత వాసన వచ్చింది.

"అయ్యో, మా ఇంటిదానికి ఏం చెప్పేది నేను? నమ్ముతాదా ఇది?" అని అతను పంచె వాసన చూసుకుంటూ దిగాలుగా కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది. సగం పోయింది, నా చెల్లెలి మందులో సగం మేకలు తొక్కే మట్టిలో పోయింది. మిగిలిన సీసాను రెండు చేతులతో పట్టుకుని, బిరడా మీద బొటనవేలు వదులుగా పెట్టి, బేస్తవారిపేట దాటి వాళ్ళ పల్లె చేరేదాకా అలాగే కూర్చున్నాను.

ఎస్తేరు కళ్ళు తెరిచి నన్ను చూసింది. ముందటి వారం కంటే చెంపలు లోపలికి పోయాయి. చెంచాలో రసం పోసి దాని నోటి దగ్గర పెట్టాను. వాసన తగలగానే ముఖం తిప్పుకుంది.

"వద్దక్కా. మాట ఇచ్చినాను."

"ఇది మందే. డాక్టరమ్మ చెప్పింది."

"అందరి ముందర చెయ్యెత్తినాను. బిడ్డను ఎత్తుకొని గుడికి పోవాల కదా నేను." అంత మాట అనడానికే ఆయాసపడింది. పెదవులు బిగించింది. బతిమాలాను, తిట్టాను. ఆ కాస్త ఒంట్లో అంత పంతం ఎక్కడ దాచుకుందో. గుమ్మంలో నిలబడి మార్తమ్మ అంతా చూస్తోంది. లోపలికి వచ్చి నా చేతిలోని సీసా తీసుకుంది. సీసాతో పెరట్లోకి వెళ్ళిపోయింది.

పారబోస్తుందనుకున్నాను. పారబోసి ఉంటే బాగుండేదేమో అని తర్వాత అనిపించింది, ఎందుకంటే కాసేపటికి వాసన వచ్చింది. పుల్లటి, తీయటి ఆవిరి. పరుగెత్తి చూస్తే పొయ్యి మీద మట్టికుండలో నా రసం తెర్లుతోంది. మార్తమ్మ పక్కన కూర్చుని బెల్లం చితక్కొడుతోంది, శొంఠి నూరి పెట్టుకుంది.

"ఏంది అత్తా ఇది! కాస్తే దాని సత్తువంతా పోతాది! దీనికోసం ఎక్కడికి పోయి తెచ్చినానో తెలుసా నీకు?" అని అరిచాను. చెల్లెలి అత్తగారింట్లో నేను అలా అరవడం అదే మొదటిసారి.

"అరవొద్దు, బిడ్డ లేస్తాడు" అంది. పొయ్యిలోంచి మండే పుల్ల తీసి కుండ మీద ఆవిరిలో తిప్పింది. భగ్గున నీలం మంట ఒకటి లేచి ఆరిపోయింది. "ఇదిగో, మత్తు ఇంకా ఉండాది. మా నాయన ఈ తాలూకా అంతటికీ సారా కాచినోడు. యాభై ఊర్లు తాగినాయి, మా అమ్మ దెబ్బలు తినింది. మత్తు ఎప్పుడు పోతాదో నాకు తెలీదా అమ్మాయ్?" మళ్ళీ బెల్లం వేసింది, కలిపింది, మళ్ళీ పుల్ల తిప్పింది. ఈసారి చిన్న మంట. ఇంకా కాచింది. నేను గోడకు ఆనుకుని, తాత పందిరి, రాళ్ళు, తోలు తొక్కిన కర్ర, అన్నీ ఆవిరై పోతుంటే చూస్తూ నిలబడ్డాను. చివరికి పుల్ల తిప్పితే ఏమీ అంటుకోలేదు. కుండలో సగానికి తక్కువ మిగిలింది, తేనెలా చిక్కగా, నల్లగా.

గ్లాసులో పోసి నేరుగా ఎస్తేరు దగ్గరికి వెళ్ళలేదు ఆమె. వసారాలోకి వెళ్ళింది. అక్కడ సంఘపెద్ద అయిన ఆమె పెనిమిటి ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళతో కూర్చుని ఉన్నాడు. వాసనకు అందరి ముక్కులూ అప్పటికే లేచాయి.

"ఇది మన కోడలి అక్క సుగుణ తెచ్చిన ద్రాక్షారసం. కాచినాను. ముందు నువ్వు తాగు" అంది.

ఆయన గ్లాసు వైపూ, పక్కవాళ్ళ వైపూ చూశాడు. "నేనెందుకే?"

"సంఘానికి పెద్దవు నువ్వు కదా. మత్తుంటే ఆదివారం నిన్నే నిలబెడదాం. లేకుంటే నా కోడలు తాగుతాది."

ఆయన గ్లాసు అందుకున్నాడు. ఆయన గుటక వేశాడు. ఇంకో గుటక వేశాడు. మూతి తుడుచుకున్నాడు. "మత్తూ లేదు, పాడూ లేదు. చింతపండు పానకం మాదిరి ఉండాది" అన్నాడు.

మార్తమ్మ ఆ గ్లాసుతోనే లోపలికి వచ్చింది. ఎస్తేరు తల కింద చెయ్యి పెట్టి లేపింది. "మీ మామ తాగినాడు, అందరూ సూసినారు. ఇప్పుడు నోరు తెరువు నాయనా" అంది. నా చెల్లెలు నోరు తెరిచింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఒక గుటక దాని గొంతులో దిగడం చూశాను. గ్లాసు ఖాళీ అయ్యాక, "ఇంకుందా అత్తా?" అని అడిగింది. నేను పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా, కుండ పక్కన కూర్చుని బాగా ఏడ్చాను.

మర్నాటికి గంజి తాగింది. ఆ తర్వాత అన్నం అడిగింది. గోళ్ళలోకి ఎరుపు రావడానికి చాలా రోజులు పట్టింది, కానీ వచ్చింది. రక్తం పలకరాళ్ళ ద్రాక్ష వల్ల పట్టిందా, బెల్లం వల్లనా, శొంఠి వల్లనా, ముద్ద లోపలికి పోవడం వల్లనా అని డాక్టరమ్మను అడిగితే నవ్వి బిడ్డను ఎత్తుకుంది. దారి పొడుగునా నేను భయపడినవన్నీ సీసా గురించే. పగులుతుందని, పొంగుతుందని, పట్టుకుంటారని, పారబోస్తారని. ఎస్తేరు దేనికి భయపడుతోందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. చావుకు కాదు, బిడ్డను ఎత్తుకుని గుడిలో తలెత్తుకోలేకపోతానేమోనని భయపడింది. అది మార్తమ్మకు తెలుసు.

యాకోబు తాత తోట చూడాలనుకునేవాళ్ళు పందిరి కోతకు ముందే వెళ్ళండి, చెప్పులు వేసుకుని వెళ్ళండి. అయితే అసలు చెప్పదలుచుకున్న సలహా ఒకటే. ఎంత దూరం నుంచి, ఎంత మంచి మందు తెచ్చినా, ముందు ఆ ఇంట్లో రోగి చేత నోరు తెరిపించగల మనిషెవరో తెలుసుకుని, సీసా వాళ్ళ చేతిలో పెట్టండి.